ప్లేట్‌లెట్ల మీద పరిశోధన చేస్తానంటోంది అమ్మాయి, పంపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బయోకెమిస్ట్రీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. తొమ్మిదేళ్లప్పుడు ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే ఐటీపీ (ఒంటి రోగనిరోధక శక్తే వాటిని నాశనం చేసే జబ్బు) అన్నారు. ఎనిమిది నెలల్లో తగ్గింది, మళ్లీ రాలేదు. అయినా ఆరు నెలలకోసారి కౌంటు చేయిస్తూనే ఉన్నాం. ఇప్పుడు తను, ప్లేట్‌లెట్ జబ్బులు ఎవరికి తగ్గుతాయో ఎవరికి ముదురుతాయో రక్తంలోని ప్రోటీన్లను బట్టి ముందే చెప్పే పరిశోధన చేస్తానంటోంది. తెలిసినవాళ్లేమో ఏఐతో బయోమార్కర్లు (జబ్బు గురించి చెప్పే రక్తంలోని గుర్తులు) కనిపెట్టే ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు చేయిస్తే వెంటనే ఉద్యోగం వస్తుందంటున్నారు. ఆ కోర్సు మంచిదా, హాస్పిటల్ ల్యాబ్ మంచిదా, పీహెచ్‌డీయా? టెన్షన్ పడితే జబ్బు తిరగబెడుతుందేమోనని కూడా భయంగా ఉంది.
ఒక తల్లి

జవాబు:

అమ్మా, మీరు అడగాలనుకున్నది చివరి వాక్యంలో ఉంది. ముందు దాని సంగతి చూద్దాం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చిన అబ్బాయిని హాస్టల్లో ఉంచవచ్చా, ఉబ్బసం ఉన్న అమ్మాయిని కెమిస్ట్రీలో చేర్చవచ్చా అని అడుగుతారు. జబ్బు పిల్లల్లో తగ్గిపోయి ఏళ్లవుతుంది, అమ్మానాన్నల్లో మాత్రం తగ్గదు.

పిల్లల్లో వచ్చే ఐటీపీ పదిమందిలో ఏడెనిమిది మందికి ఏడాదిలోపే తగ్గిపోతుంది. పన్నెండు నెలలు దాటినా ఉంటేనే దాన్ని దీర్ఘకాలిక ఐటీపీ అంటారు. మీ అమ్మాయి ఎనిమిది నెలల్లోనే బయటపడింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా కౌంటు నిలకడగా ఉంది. ఐటీపీ తగ్గినవాళ్లు కష్టమైన చదువు చదవకూడదని ఏ వైద్య మార్గదర్శకమూ చెప్పదు. ఇంకా మనసు కుదుటపడకపోతే రక్త జబ్బులు చూసే హెమటాలజిస్టును అడగండి. ఒక్కసారి అడగండి, అదీ అమ్మాయి పక్కన కూర్చుని ఉండగా.

ఇక ఆమె ఎంచుకున్న అంశం గాలివాటం ఆలోచన కాదు. 1950లో విలియం హారింగ్టన్ అనే యువ డాక్టరు ఐటీపీ రోగి రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు దాదాపు అడుగంటాయి. ప్రాణం మీదకు తెచ్చుకున్నాడు గానీ, ప్లేట్‌లెట్లను చంపేది రక్తంలోనే తిరుగుతోందని తేలింది. అది యాంటీబాడీ అని, అంటే ఒక ప్రోటీనేనని తర్వాత స్పష్టమైంది.

రక్తంలోని ఒక ప్రోటీను రోగి భవిష్యత్తు గురించి చెప్పగలదా? ఒక జబ్బులో చెప్పగలదు. టీటీపీ అని ఉంది. సన్నటి రక్తనాళాల్లో గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు వాటిలో ఖర్చయిపోతాయి. 1924లో మాష్కోవిట్జ్ అనే డాక్టరు పదహారేళ్ల అమ్మాయిలో దీన్ని మొదట గుర్తించాడు. చికిత్స లేకపోతే పదిమందిలో తొమ్మిదిమంది బతకరు. 2001లో ఆడమ్‌టీఎస్13 అనే ఎంజైము బయటపడింది. వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రోటీనును ముక్కలు చేసే కత్తెర అది. ఆ కత్తెర పనితనం 10 శాతం కన్నా తక్కువకు పడిపోతే టీటీపీ అని నిర్ధారిస్తారు. జబ్బు తగ్గిన తర్వాత కూడా దాన్ని కొలుస్తూ ఉంటారు. రోగి బాగానే తిరుగుతున్నా ఆ అంకె దిగజారుతుంటే జబ్బు తిరగబెట్టే ముప్పు ఉందని ముందే మందు ఇస్తారు. మీ అమ్మాయి ఇలాంటిదాని కోసమే వెతుకుతానంటోంది.

ఐటీపీలో మాత్రం అలాంటిది ఇంకా చేతికి రాలేదు. ప్లేట్‌లెట్ల మీది యాంటీబాడీలను వెతికే పరీక్షలు చాలామంది రోగుల్లో ఏమీ చూపించవు. ప్లేట్‌లెట్ల తయారీని నడిపే థ్రాంబోపొయెటిన్ రక్తంలో తక్కువగా ఉన్నవాళ్లకు, దానిలా పనిచేసే మందులు బాగా పట్టే అవకాశం ఎక్కువని కొన్ని అధ్యయనాలు చూపాయి. అంతవరకే. ఏ బిడ్డకు తగ్గుతుంది, ఏ బిడ్డకు ఏళ్ల తరబడి ఉంటుంది అని మొదటి రోజే ఖాయంగా చెప్పే ప్రోటీను పరీక్ష రోజువారీ వైద్యంలో లేదు. మీరు ఎనిమిది నెలలు నిద్రలేకుండా గడిపింది అందుకే. మీ అమ్మాయికి ఆ రాత్రులు గుర్తుండే ఉంటాయి.

ఇప్పుడు ఆ ఆరు నెలల కోర్సు. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి, వివరంగానే చెబుతాను.

ఆ కోర్సుల్లో శుభ్రం చేసి పెట్టిన పెద్ద పట్టిక ఇస్తారు. అందులో వేల ప్రోటీన్ల కొలతలుంటాయి. పిల్లలు ప్రోగ్రాం నడుపుతారు, నాలుగు ప్రోటీన్లు బయటపడతాయి, సర్టిఫికెట్ వస్తుంది. ఒక చిన్న లెక్క చూడండి. 3,000 ప్రోటీన్లను పరీక్షించి, నూటికి ఐదుసార్లు పొరబడినా ఫరవాలేదు అనుకుంటే, నిజంగా ఏ సంబంధమూ లేకపోయినా దాదాపు 150 ప్రోటీన్లు జబ్బుతో సంబంధం ఉన్నట్టే కనిపిస్తాయి. వాటిలోంచి అందంగా ఉన్న నాలుగింటిని ఏరుకుంటే అది కనిపెట్టడం కాదు. ప్లేట్‌లెట్ జబ్బులు అరుదైనవి, ఒక చోట దొరికే రోగులు కొద్దిమందే. కొలతలు వేలల్లో, మనుషులు పదుల్లో ఉన్నప్పుడు కంప్యూటరుకు ఏదో ఒక నమూనా కనబడకుండా ఉండదు.

పేరున్న పరిశోధకులకూ ఇది జరిగింది. 2002లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. రక్తంలోని ప్రోటీన్ల తీరు చూసి అండాశయ క్యాన్సర్ పట్టేస్తామన్నారు. పరీక్షించిన 50 మంది రోగుల్నీ పట్టుకుంది. ప్రపంచమంతా సంబరపడింది. తర్వాత గణాంక నిపుణులు ఆ డేటాను మళ్లీ తవ్వారు. నమూనాలను నడిపిన పద్ధతిలోని తేడాలే జబ్బు ఆనవాళ్లుగా కనబడ్డాయేమోనన్న ప్రశ్నలు లేచాయి. ఆ పరీక్ష ఆసుపత్రులకు చేరలేదు.

ప్లేట్‌లెట్ల విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నా దగ్గర సలహా తీసుకుని ఆసుపత్రి ల్యాబులో చేరిన ఒక విద్యార్థిని ఒకసారి నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. మిషను ఇచ్చిన కౌంటు 22,000. వార్డులో అందరూ కంగారు పడుతున్నారు. స్లైడు మీద చూస్తే ప్లేట్‌లెట్లు తక్కువేమీ లేవు, గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ అనే రసాయనం కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లను ఇలా ముద్ద కట్టిస్తుంది, మిషను ఆ ముద్దల్ని లెక్కపెట్టలేదు. లేత నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీయిస్తే కౌంటు రెండు లక్షలు దాటింది. ఆమె అది చెబుతున్నప్పుడు ఆ ముఖంలో వెలుగు నేను మర్చిపోలేదు.

ఆడమ్‌టీఎస్13 కూడా అంతే, ఈడీటీఏ ట్యూబులో దాని పనితనం కొలవలేం. టీటీపీకి చికిత్సగా చేసే ప్లాస్మా మార్పిడి మొదలయ్యాక తీసిన రక్తంలో దాతల ఎంజైము కలిసిపోయి ఉంటుంది. రక్తం తీయడం కష్టమైనా, ట్యూబు ఆలస్యంగా ల్యాబుకు చేరినా ప్లేట్‌లెట్లు అందులోనే రేగి పీఎఫ్4 లాంటి ప్రోటీన్లను వదిలేస్తాయి. అది రోగి ఒంట్లో జరిగింది కాదు, ట్యూబులో జరిగింది. పట్టికలో మాత్రం రెండూ ఒకే అంకెలా ఉంటాయి. ట్యూబు ముట్టని మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఏఐ మీద నాకు కోపం లేదు, ఆ పనిముట్టు రేపు ఆమెకూ కావాలి. అదే మొదటి మెట్టు అనడమే నాకు నచ్చనిది.

అమ్మా, ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను. మీ ఉత్తరంలో "చేయిస్తే" అని రాశారు. డిగ్రీ ముగించబోతున్న మనిషికి మనం చేయించేది ఏముంటుంది? తెలిసినవాళ్లు ఏమన్నారో రాశారు, ఈ కోర్సు గురించి ఆమె ఏమందో ఒక్క ముక్క లేదు. ఆ ఆరు నెలల కౌంటు సంగతి కూడా. ఇవాళ్టి అంకె మామూలుగా ఉంటే ఇవాళ బాగుందనే అర్థం, వచ్చే ఏడాది గురించి అది ఏమీ చెప్పదు. డాక్టరు అడగకుండా ఆ పరీక్ష చేయించకండి. కొత్తగా కమిలిన మచ్చలో, ఆగని రక్తస్రావమో కనిపిస్తే అప్పుడు వెంటనే వెళ్లండి. ప్రతి సూదీ ఆమెకు "నువ్వింకా రోగివే" అని చెబుతోంది. ఆ మాట మీరు అనడం లేదని నాకు తెలుసు, కానీ ఆమెకు వినబడేది అదే.

పోలిక అడిగారు కాబట్టి, క్లుప్తంగా. నేనైతే ముందు ఆసుపత్రి హెమటాలజీ ల్యాబులో ఒకటి రెండేళ్ల పని అంటాను. గడ్డకట్టే పరీక్షలు, కణాలను లేజరుతో ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమెట్రీ, స్లైడు చదవడం వస్తాయి. ఈ చేతిపని తెలిసినవాళ్లకు ఉద్యోగం దొరకడం కష్టం కాదు, పరిశోధన వద్దనుకున్నా అది నిలబెడుతుంది. ఆ తర్వాత మాస్టర్స్, దానితోపాటు గణాంకశాస్త్రం గట్టిగా. పీహెచ్‌డీ అప్పుడు. అది చాలా ఏళ్ల పని, చేతికి మార్కరు దొరక్కుండానే ముగియవచ్చు, ఫలానా ప్రోటీను పనికిరాదని తేల్చడమే థీసిస్ కావచ్చు. అందుకు సిద్ధమేనా అని ఆమెను అడగండి. ఔనంటే ఆపకండి. సొంత జబ్బు వల్ల ఈ రంగానికి వచ్చినవాళ్లు తొందరగా వదిలిపెట్టరు, అది నేను చూశాను.

పీహెచ్‌డీకి ల్యాబు వెతికేటప్పుడు గైడును మూడు సంగతులు అడగాలి. రోగుల నమూనాలు ఎక్కడినుంచి వస్తాయి, వాటిని తీసి భద్రపరిచే పద్ధతి రాసి ఉందా? ఇక్కడ దొరికిన ఫలితాన్ని వేరే ఆసుపత్రి రోగుల్లో సరిచూస్తారా? బృందంలో గణాంక నిపుణులున్నారా? మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే గైడు దగ్గర చేరమనండి. ఫోను ఆమే చేయాలి, మీరు పక్క గదిలో ఉండండి.