మద్యం షాపులు ప్రైవేటుకు ఇస్తే ప్రభుత్వ ఆదాయం పెరుగుతుందా? వాషింగ్టన్ రాష్ట్రం అనుభవం

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం చట్టం మార్చి సర్కారు మద్యం దుకాణాలను మూసేసింది కదా, దానివల్ల ఖజానాకు లాభమా నష్టమా అని అడిగారు. (సియాటిల్ ఉన్న రాష్ట్రం సంగతి ఇది, రాజధాని డీసీ కాదు.)

లాభమే. అయితే ఆ లాభం ప్రైవేటుకు ఇవ్వడం వల్ల వచ్చింది కాదు. ఇస్తూ ఇస్తూ అదే చట్టంలో పెట్టిన ఫీజుల వల్ల వచ్చింది. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ఇన్ని వాదనలు. ఆ మార్పు జరిగిన కొత్తలో నేను ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు నదికి ఇవతల, వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఉన్న వాంకూవర్‌లో (కెనడా వాంకూవర్ కాదు) ఒక చిన్న షాపుకు లెక్కలు రాసేవాణ్ణి. మా ఓనర్ వేలంలో పాత సర్కారు షాపు ఒకటి పాడుకున్నాడు. కాబట్టి డబ్బు ఎటు పోయేదో రోజూ బిల్లుల్లో చూసేవాణ్ణి.

ముందు కథ క్లుప్తంగా. 2011 నవంబర్‌లో ఇనిషియేటివ్ 1183, అంటే మద్యం అమ్మకాలను ప్రైవేటుకు ఇచ్చే చట్టం ప్రతిపాదన, నేరుగా ప్రజల ఓటింగ్‌కు వచ్చి గెలిచింది. పెద్ద సూపర్ మార్కెట్ల సంస్థ కాస్ట్‌కో దీని ప్రచారానికి 2 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. కోర్టు కేసులు నడిచాయి. 2012 మే 31న రాష్ట్ర సుప్రీంకోర్టు 5-4 తేడాతో చట్టం చెల్లుతుందని చెప్పింది, మర్నాడే, జూన్ 1 నుంచి, సూపర్ మార్కెట్లలో విస్కీ, వోడ్కా అమ్మకాలు మొదలయ్యాయి. కొత్తగా పెట్టే షాపు కనీసం 10 వేల చదరపు అడుగులు ఉండాలి. పాత సర్కారు షాపుల స్థలాలకు మాత్రం మినహాయింపు. అందుకే ఆ 167 షాపుల హక్కులు వేలంలో దాదాపు 3 కోట్ల డాలర్లు పలికాయి. పాట పాడి తర్వాత డబ్బు కట్టలేక జారుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు అసలు లెక్క. సర్కారు అమ్మినప్పుడు కొన్న ధర మీద 51.9 శాతం మార్కప్ (అమ్మేవాడు కొన్న ధరకు కలుపుకునే మొత్తం) వేసేవారు. దాని మీద పన్నులు. అన్నీ కలిపి అలమార మీద ఒకటే ధర, కౌంటర్‌లో కట్టేదీ అదే. కొత్త చట్టంతో మార్కప్ పోయింది. దాని స్థానంలో చిల్లర అమ్మకాల మీద 17 శాతం ఫీజు, టోకు పంపిణీదారుల మీద 10 శాతం ఫీజు (మొదటి రెండేళ్ల తర్వాత 5 శాతం) వచ్చాయి. కొనేవాడు కట్టే పన్నులు అలాగే ఉండిపోయాయి: ధర మీద 20.5 శాతం, దానికి తోడు లీటరుకు 3.7708 డాలర్లు.

ఇది బిల్లులో ఎలా ఉండేదంటే, పెద్ద సీసా చవక వోడ్కా, 1.75 లీటర్లు, అట్ట మీద 12 డాలర్లు అని ఉందనుకోండి. 20.5 శాతం అంటే 2.46. లీటరు పన్ను 6.60. మొత్తం 21.06. పన్నెండు అని చూసి వచ్చినవాడు ఇరవై ఒకటి కట్టాలి! మొదటి నెలల్లో కౌంటర్ దగ్గర గొడవలన్నీ దీని మీదే. సీసా అక్కడే వదిలేసి పోయినవాళ్లు చాలామంది. ఇవి కొత్త పన్నులు కావని, ఇదివరకు ధరలోనే కలిసి ఉండేవని చెబితే ఎవరు నమ్ముతారు?

కొనేవాడికి కనపడనిది 17 శాతం. 20 డాలర్ల సీసా అమ్మితే మేము 3.40 పక్కన పెట్టేవాళ్లం. పన్నులు రెవెన్యూ శాఖకు, ఈ ఫీజు లిక్కర్ కంట్రోల్ బోర్డుకు, రెండూ వేర్వేరు రిటర్నులు. పంపిణీదారుడు తన 10 శాతాన్ని మాకిచ్చే ధరలో కలుపుతాడు, ఆ పెరిగిన ధర మీద మేం లాభం వేసుకుంటాం, దాని మీద 17, మళ్లీ దాని మీద 20.5. వడ్డీ మీద వడ్డీలా పేరుకుపోయేది. పోటీ వస్తే ధరలు దిగుతాయన్నారు గానీ పెరిగాయి. మరి ఖజానా నిండక ఏం చేస్తుంది?

ఓటింగ్‌కు ముందే ప్రభుత్వం వేసిన అంచనాలో రాష్ట్రానికి ఆరేళ్లలో 21.6 నుంచి 25.3 కోట్ల డాలర్లు, స్థానిక సంస్థలకు 18.6 నుంచి 22.7 కోట్లు అదనంగా వస్తాయని ఉంది. షాపుల అద్దెలు, సిబ్బంది జీతాలు కూడా రాష్ట్రం నెత్తిన లేకుండా పోయాయి. ఆ సిబ్బంది ఉద్యోగాలు పోవడం వేరే బాధ, ఈ పద్దులో రాదు.

మొదటి ఏడాది అంకెలు చూపించి ఎవరైనా ఊదరగొడితే మాత్రం కాస్త ఆగండి. చట్టంలో ఇంకో మెలిక ఉంది. 2013 మార్చి 31 నాటికి పంపిణీదారులందరి ఫీజు కలిపి 15 కోట్ల డాలర్లకు తగ్గితే ఆ లోటు వాళ్లే పూడ్చాలి. తగ్గింది, 10 కోట్లకు పైగా పూడ్చాల్సి వచ్చింది. అది ఒక్కసారి వచ్చే డబ్బు, వేలం డబ్బు లాగే. దాన్ని ఏటా వచ్చే ఆదాయంలో కలిపి చూస్తే బొమ్మ తప్పుగా కనిపిస్తుంది.

సరిహద్దు సంగతి కూడా ఉంది. వంతెన దాటితే జాంట్‌జెన్ బీచ్, అంటే ఓరెగాన్. అక్కడ అమ్మకపు పన్నే లేదు, మద్యానికి రాసిన ధరే కట్టే ధర. మా దగ్గరికి రోజూ వచ్చేవాళ్లు కూడా పండగలప్పుడు అటే వెళ్లి డిక్కీ నింపుకొచ్చేవారు. అలా పోయిన ప్రతి సీసాతో వాషింగ్టన్‌కు పన్నూ ఫీజూ రెండూ పోయినట్టే. రాష్ట్రం మొత్తం మీద అది చిన్న మొత్తమే కావచ్చు, సరిహద్దు ఊళ్లో షాపు పెట్టినవాడికి మాత్రం అదే జీవన్మరణ సమస్య. మా ఓనర్‌కు ఒక పక్క కాస్ట్‌కో, ఇంకో పక్క ఓరెగాన్.

చట్టం ఇలాగే రాయాలని రూలేమీ లేదు. కెనడాలో అల్బెర్టా 1993లో దుకాణాలను ప్రైవేటుకు ఇచ్చింది, కానీ టోకు మార్కప్‌ను తన చేతిలోనే ఉంచుకుని, దాన్ని ధర మీద కాకుండా లీటరు లెక్కన వేసింది. షాపులు ఎంత పోటీ పడి ధర తగ్గించుకున్నా సర్కారు వాటా కదలదు. ఖజానా వైపు నుంచి చూస్తే నాకు ఇదే మెరుగైన పద్ధతి అనిపిస్తుంది. కాకపోతే ద్రవ్యోల్బణం పెరిగే కొద్దీ లీటరు రేటును సవరిస్తూ ఉండాలి, లేకపోతే రాబడి విలువ మెల్లగా కరిగిపోతుంది.

ఆదివారం అమ్మకాలకు అనుమతిస్తే ఆదాయం పెరుగుతుందా అని కూడా ఎవరో అడిగారు. అమెరికాలోనే మినెసోటా రాష్ట్రం 2017 జులైలో అనుమతించింది. షాపులో కూర్చున్నవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, ఆదివారం కొనేవాళ్లలో ఎక్కువమంది ఇదివరకు శనివారం కొనేవాళ్లే. పెరిగేది కొంతే. ఆ కొంత కూడా పక్క రాష్ట్రానికి పోయే బేరం ఇటు తిరిగితేనే. షాపు వాడికైతే ఇంకో రోజు జీతాలు, కరెంటు ఖర్చు మాత్రం గ్యారంటీ.