నడక మొదట్లోనే ఆయాసమెందుకు?

ప్రశ్న: నాకు టైప్‌ 2 మధుమేహం ఉంది. కేబీఆర్‌ పార్కులో నడక మొదలుపెట్టగానే పిక్కలు బరువెక్కి ఆయాసం వస్తోంది, కాసేపటికి సర్దుకుంటోంది. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్‌

జవాబు: నడక మొదలవగానే కండరాలకు ఆక్సిజన్‌ అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. టైప్‌ 2 మధుమేహంలో సన్నని రక్తనాళాలు వెంటనే తగినంతగా వ్యాకోచించకపోవడం వల్లా, కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పనితీరు తగ్గడం వల్లా ఆక్సిజన్‌ వినియోగం నెమ్మదిగా పుంజుకుంటుంది. ఈలోపు కండరం ఆక్సిజన్‌తో పనిలేని మార్గంలో గ్లూకోజ్‌ను విడగొట్టుకుంటూ త్వరగా అలసిపోతుంది. దయచేసి దీన్ని మీ బద్ధకమనుకోకండి. మొదటి పది నిమిషాలు మెల్లగా నడిచి, ఆపై వేగం పెంచండి. వారానికి 150 నిమిషాల క్రమబద్ధమైన వ్యాయామంతో ఈ జాప్యం తగ్గుతుంది. అయితే మధుమేహంలో గుండెజబ్బు ఛాతీనొప్పి లేకుండా ఆయాసంగానే బయటపడవచ్చు కనుక, ముందుగా వైద్యుల చేత గుండెనూ కాళ్ల ధమనులనూ తప్పక పరీక్ష చేయించుకోండి.