పాత ల్యాప్‌టాప్ నత్తనడక: ముందు హార్డ్ డిస్క్ సంగతి చూడు

తమ్ముడూ, 2014 నాటి ల్యాప్‌టాప్ ఆన్ అవడానికి పది నిమిషాలు పడుతోందని, పలాసలో షాపువాళ్లు కొత్తది కొనుక్కోమన్నారని రాశావు. తొందరపడకు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే విండోస్‌లో ఏ భాగం మీద ఎంత భారం పడుతోందో చూపించే టాస్క్ మేనేజర్ వస్తుంది. డిస్క్ దగ్గర 100 శాతం కదలకుండా ఉండి, సీపీయూ, అంటే ప్రాసెసర్, ఖాళీగా కనిపిస్తే తంటా హార్డ్ డిస్క్‌తోనే. అందులో పళ్లెం తిరగాలి, ప్రతి చిన్న ఫైలుకీ దాన్ని చదివే హెడ్ అటూ ఇటూ పరిగెత్తాలి. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ ట్యాబ్‌లో, ఆన్ అవగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాముల్లో అక్కర్లేనివి డిజేబుల్ చేస్తే కొంత నయం. యాంటీవైరస్‌ని మాత్రం ముట్టుకోకు. అసలు మందు హార్డ్ డిస్క్ స్థానంలో 2.5 అంగుళాల సాటా (కనెక్షన్ రకం) ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డ్రైవ్. 256 జీబీ చాలు, శ్రీకాకుళం వెళ్లినప్పుడు వేయించుకో. ర్యామ్ సంగతి తర్వాత. ఒకవేళ లోపల టకటక చప్పుడు వస్తుంటే హార్డ్ డిస్క్ పాడవుతున్నట్టే, ఇవన్నీ పక్కనపెట్టి ముందు ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించెయ్.