జులైలో హావ్‌లాక్ యోగా శిబిరం: మీ ప్రశ్నకు సమాధానం

పర్లాకిమిడి నుంచి అడిగిన సోదరి గారికి నమస్కారం. మోకాళ్ల నొప్పి ఉంది, ఓడ అంటే భయం, సెలవు జులైలోనే దొరికింది, అండమాన్‌లోని హావ్‌లాక్ యోగా శిబిరానికి డబ్బు కట్టవచ్చా అన్నారు.

నన్నడిగితే జులైకి కట్టకండి. అప్పుడు అక్కడ నైరుతి రుతుపవనాల కాలం. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పోర్ట్‌బ్లెయిర్, హావ్‌లాక్ మధ్య ఫెర్రీలు రద్దవుతాయి. శిబిరం అయ్యాక ద్వీపంలోనే చిక్కుకుంటే తిరుగు విమానం టికెట్టు పోయినట్టే. సెలవును జనవరి, మార్చి మధ్యకు మార్చుకోగలరేమో చూడండి. అప్పుడైనా శిబిరం ముగిసిన రోజే విమానం పెట్టుకోకుండా, ఆ రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండండి. (ఈ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని, హావ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేర్లు మార్చారు. టికెట్లలో ఏ పేరు కనిపించినా కంగారు పడకండి.) విశాఖ నుంచి నేరుగా విమానం దొరకకపోతే చెన్నై మీదుగా వెళ్లవచ్చు.

ఫెర్రీలో మధ్య భాగంలో, కింది అంతస్తులో కూర్చుంటే కుదుపు తక్కువ. వాంతుల మాత్ర ఎక్కాక కాదు, ఎక్కడానికి ముందే వేసుకోవాలి.

మోకాళ్ల సంగతి డబ్బు కట్టకముందే శిబిరం వాళ్లకు రాయండి. వజ్రాసనం, పద్మాసనం బదులు కుర్చీలో ఏం చేయిస్తారో అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ శిబిరం మీకు వద్దు. శరీరశుద్ధి పేరుతో ఉపవాసం చేయిస్తామన్నా, బీపీ, షుగర్ మాత్రలు వాడుతుంటే మీ డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు.