బోర్లు ఉత్తర ధ్రువం దగ్గర తేలితే: డిజిటల్ పటాలపై ఉపాధ్యాయుల ప్రశ్నలు

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలతో ఊళ్లోని 18 బోర్ల స్థానాలు ఫోన్లో తీసుకుని, కిట్‌తో నీళ్లలో ఫ్లోరైడ్ కూడా పరీక్షించాం. ఎక్సెల్‌లో ఎక్కించి క్యూజీఐఎస్‌లో (పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరిస్తే చుక్కలన్నీ ఉత్తర ధ్రువం దగ్గర పడ్డాయి. హీట్‌మ్యాప్ (ఎక్కువున్న చోటును ఎర్రగా చూపే పటం) వేస్తే బడి చుట్టూ ఎర్రగా వస్తోంది, అక్కడి నీళ్లేమో మంచివే. ఎక్కడ పొరబడ్డాం?
– సోషల్ టీచర్, నల్గొండ జిల్లా

జవాబు: మీ బోర్లు ప్రస్తుతం నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉన్నాయి. 17 డిగ్రీల అక్షాంశం, 79 డిగ్రీల రేఖాంశం తారుమారయ్యాయి. మనం అక్షాంశం ముందు చెప్పి రేఖాంశం తర్వాత చెబుతాం. సాఫ్ట్‌వేర్ మాత్రం ముందు ఎక్స్ అడుగుతుంది, ఎక్స్ అంటే రేఖాంశం. లేయర్ మెనూలో ‘యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్’ మళ్లీ తెరిచి, ఎక్స్ ఫీల్డ్‌లో రేఖాంశం కాలమ్‌ను, వై ఫీల్డ్‌లో అక్షాంశం కాలమ్‌ను ఎంచుకోండి. సీఆర్‌ఎస్ (స్థానాలను పటంపై పరిచే పద్ధతి) దగ్గర ఈపీఎస్‌జీ 4326 ఉండాలి, అది డిగ్రీల్లో ఉన్న అక్షాంశ రేఖాంశాల కోడ్.

చుక్కలు నల్గొండకు వచ్చాక కూడా కొన్ని వేరే మండలంలో కనిపిస్తే డిగ్రీలు, నిమిషాలు కలిసిపోయాయని అనుమానించండి. ఒక పిల్లాడి ఫోన్ 17 డిగ్రీల 23 నిమిషాలు అని చూపితే అతను 17.23 అని రాసేస్తాడు. కానీ 23ను 60తో భాగించాలి, అసలు విలువ 17.383. ఈ ఒక్క తప్పుకే బోరు 17 కిలోమీటర్లు జరుగుతుంది. చుక్కలు గళ్లగళ్లుగా ఒకదానిమీద ఒకటి పడితే తప్పు ఎక్సెల్‌ది. కాలమ్ రెండు దశాంశ స్థానాలకు సెట్ అయి ఉంటే సీఎస్‌వీలోకీ (క్యూజీఐఎస్‌కు ఇచ్చే సాదా టెక్స్ట్ ఫైలు) ఆ రెండే వెళ్తాయి. రెండు స్థానాలంటే దాదాపు 1.1 కిలోమీటరు, ఐదంటే 1.1 మీటరు. ఐదు ఉంచండి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి అంతకు మించి రాసినా ఒరిగేదేమీ లేదు. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారితే ఫైలును ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా సేవ్ చేయండి.

స్థానం తీసేటప్పుడు పిల్లలు బోరు పక్కనే ఆరుబయట నిలబడి, నీలి చుక్క కదలడం ఆగేదాకా నిమిషం పాటు ఆగాలి. మ్యాప్‌పై వేలితో నొక్కి పట్టుకుంటే వచ్చేది నొక్కిన చోటి స్థానం, నిలబడిన చోటిది కాదు. ఇది చాలామంది గమనించరు.

ఇక హీట్‌మ్యాప్. మామూలుగా వేస్తే అది చూపేది ఫ్లోరైడ్‌ను కాదు, చుక్కల గుంపును. బడి చుట్టూ బోర్లు ఎక్కువ కాబట్టి అక్కడ ఎర్రబడింది. వెయిట్‌గా (ఒక్కో చుక్కకు ఇచ్చే బరువు) ఫ్లోరైడ్ కాలమ్ ఇచ్చినా దగ్గర దగ్గరగా ఉన్న బోర్ల విలువలు కూడుకుపోతాయి. దాన్ని వదిలేసి విలువను బట్టి చుక్కలకు రంగులు వేసే ‘గ్రాడ్యుయేటెడ్’ ఎంచుకుని హద్దులు మీరే టైపు చేయండి: లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఒక రంగు, 1 నుంచి 1.5 దాకా ఇంకొకటి, 1.5 దాటితే మూడోది. తాగునీటికి భారతీయ ప్రమాణం పెట్టిన హద్దులివే. సాఫ్ట్‌వేర్ సొంతంగా వేసే సమాన భాగాలకు అలాంటి అర్థమేమీ ఉండదు. చుక్కల మధ్య ఖాళీని రంగుతో నింపే ఇంటర్‌పొలేషన్ జోలికి పోవద్దని నా గట్టి సలహా. ఫ్లోరైడ్ రాతి పొరను బట్టి, బోరు లోతును బట్టి మారుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో కూడా తేడా రావచ్చు. లోతు కోసం ఒక కాలమ్ పెట్టి, ఇంటివాళ్లను అడిగి నింపించండి. పిల్లలు అసలు ప్రశ్న అడగడం అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: మా ఊరి చెరువు ఒకప్పుడు 40 ఎకరాలని పెద్దలంటారు. ఎంత తగ్గిందో పిల్లలకు ఉపగ్రహ చిత్రాల్లో చూపగలమా?
– ఉపాధ్యాయిని, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ప్రకాశం జిల్లా

జవాబు: చూపగలం, కాకపోతే ఎకరాల దగ్గర జాగ్రత్త. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో (ఉచితం) తెరిచి, గడియారం గుర్తు నొక్కితే పాత చిత్రాల స్లయిడర్ వస్తుంది. రూలర్‌లో ‘పాలిగాన్’ ఎంచుకుని నీటి అంచు వెంబడి క్లిక్ చేస్తూ చుట్టూ తిరిగి, యూనిట్ ఎకరాలకు మార్చి సేవ్ చేయండి. ఇంకో ఏడాది చిత్రం పెట్టి మళ్లీ గీయండి.

ఎక్కువమంది దెబ్బతినేది నెల దగ్గర. నవంబరులో నిండిన చెరువును మే నెల చిత్రంతో పోలిస్తే ఏ చెరువైనా మాయమైనట్టే ఉంటుంది. రెండు చిత్రాలూ ఒకే నెలవి అయి ఉండాలి, ఆ రెండేళ్ల వానలూ దాదాపు సమానమై ఉండాలి. స్లయిడర్ తేదీని కాక కింది పట్టీలో ఉండే చిత్రం తేదీని చూడండి. అమెరికా పద్ధతిలో నెల ముందు ఉంటే 3/10 అంటే మార్చి 10, అక్టోబరు 3 కాదు.

1980ల నాటి చిత్రాలు ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాలవి, చిత్రంలో ఒక్కో గడి 30 మీటర్లు. 40 ఎకరాల గుండ్రటి చెరువు చుట్టుకొలత సుమారు 1,430 మీటర్లు. అంచు సగం గడి, అంటే 15 మీటర్లు అటూ ఇటూ అయితే వైశాల్యంలో 5 ఎకరాలకు పైగా తేడా వస్తుంది. కాబట్టి 40 నుంచి 37కు తగ్గిందని ఆ చిత్రంతో తేల్చలేరు. 25కు తగ్గిందని మాత్రం చెప్పవచ్చు. ముగ్గురు పిల్లలతో విడివిడిగా గీయించి, వాళ్ల లెక్కల మధ్య తేడా రాయించండి. గుర్రపుడెక్క కమ్మిన చోటు పై నుంచి పొలంలా కనిపిస్తుంది. అందుకే ఒకసారి కట్ట మీద నడిచి అలుగు, తూము ఎక్కడున్నాయో గుర్తించి రావాలి. నీరు పరచుకున్న మేర వేరు, రెవెన్యూ రికార్డులోని శిఖం (చెరువు గర్భంగా నమోదైన భూమి) వేరు. పిల్లల పటం ఆక్రమణకు రుజువు కాదని ముందే చెప్పండి.

ప్రశ్న: ప్యానెల్ మీద ప్రపంచ పటం పెడితే గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తోంది. పిల్లలకు ఎలా చెప్పాలి?
– ఎస్‌జీటీ, ఖమ్మం జిల్లా

జవాబు: మీ ప్యానెల్ మీదిది మెర్కేటర్ పద్ధతిలో గీసిన పటం, అది ధ్రువాల వైపు సాగదీస్తుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు రెట్టింపు, వైశాల్యం నాలుగు రెట్లు. నిజానికి ఆఫ్రికా గ్రీన్‌లాండ్‌కు సుమారు 14 రెట్లు. భారతదేశమే గ్రీన్‌లాండ్ కంటే పెద్దది (దాదాపు 33 లక్షల చదరపు కిలోమీటర్లు, అది 22 లక్షలలోపే). గ్లోబు చుట్టూ దారం పట్టి కొలిపించండి. ఈ సాగుడు మన దగ్గరా కొంత ఉంది: క్యూజీఐఎస్‌లో ప్రాజెక్టు సీఆర్‌ఎస్ ఈపీఎస్‌జీ 3857లో (మెర్కేటర్ తరహా పద్ధతి) ఉన్నప్పుడు భూమి గుండ్రాన్ని పట్టించుకోకుండా చదునుగా లెక్కిస్తే, హైదరాబాద్ అక్షాంశం దగ్గర 100 ఎకరాలు దాదాపు 110గా వస్తాయి.

ప్రశ్న: బడిలో నెట్ లేదు, కంప్యూటర్ ఒక్కటే. ఇవన్నీ మాకు సాధ్యమా?
– ప్రధానోపాధ్యాయుడు, ఏజెన్సీ ప్రాంతం

జవాబు: సాధ్యమే. నెట్ ఉన్న చోట కూర్చుని మీ ఊరి ప్రాంతాన్ని గూగుల్ ఎర్త్ ప్రోలో దగ్గరగా జూమ్ చేస్తూ మెల్లగా తిరగండి, చూసినంత మేర కంప్యూటర్‌లో నిల్వ ఉంటుంది. అది ఎప్పుడైనా చెరిగిపోవచ్చు కాబట్టి చిత్రాన్ని పెద్ద సైజులో సేవ్ చేసి ఏ3 కాగితంపై ప్రింట్ తీయించండి. స్కేలు పట్టీ, ఉత్తరం గుర్తు ఉన్నాయో లేదో చూసుకోండి, అవి లేని ప్రింటు కొలతకు పనికిరాదు. పైన పారదర్శక షీటు పరిచి మార్కర్‌తో బావులు, దారులు, వాగులు గీయించండి. ఒక్కో గుంపుకు ఒక్కో షీటు ఇస్తే చివర్లో అన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టవచ్చు, లేయర్ అంటే ఏమిటో చూపడానికి అదే చాలు. షీట్ల మూలల్లో నాలుగు గుర్తులు ముందే పెట్టకపోతే మాత్రం ఏదీ సరిగ్గా కూర్చోదు.