డౌరో టూర్ మానేసి కొలారెస్ వెళ్లండి

లిస్బన్‌లో కొద్దిరోజులే ఉంటామని, ఉత్తర పోర్చుగల్‌లోని డౌరో లోయకు ఒకరోజు వైన్ టూర్ తీసుకోవచ్చా అని అడిగారు. వద్దండి. లిస్బన్ నుంచి డౌరో వెళ్లి రావడమంటే రోజులో సగానికి పైగా బస్సులోనే గడిచిపోతుంది. డౌరో మీద నాకు కోపమేమీ లేదు. 1756లోనే హద్దులు గీసి కాపాడుకుంటున్న ద్రాక్ష నేల అది, అందానికి వంక పెట్టలేం. నా కోపమంతా టూర్ల మీదే. మమ్మల్ని తీసుకెళ్లిన సంస్థవాళ్లు చిన్న గ్లాసుల్లో తీపి పోర్ట్ వైన్ పోసి, పీపాల ముందు ఫొటోలు తీయించి, అంతకు రెండింతల సమయం దుకాణంలో నిలబెట్టారు. అక్కడ పండే ద్రాక్ష పేరు ఒక్కటి కూడా ఎవరూ చెప్పలేదు.

లిస్బన్‌లో రోసియు స్టేషన్‌లో రైలెక్కితే సుమారు నలభై నిమిషాల్లో సింత్రా చేరతారు. జనమంతా అక్కడి రాజభవనాల దగ్గర బారులు తీరతారు. మీరు మాత్రం బస్సెక్కి సముద్రం వైపు ఇంకాస్త వెళ్తే కొలారెస్ అనే ద్రాక్షతోటల ఊరు వస్తుంది. కారు అద్దెకు తీసుకోవద్దు. రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ చేరితే చాలు, జరిమానా తప్పదు.

ఊళ్లో 1931 నాటి సహకార వైనరీ ఉంది, అదీ చూడదగ్గదే. కానీ నేను చెప్పబోయేది ముందుగా ఫోను చేసి వెళ్లిన ఒక చిన్న రైతు ఇంటి సంగతి. రాతి గోడలు, గాలిని ఆపడానికి కట్టిన రెల్లు దడులు, వాటి మధ్య ఉత్త ఇసుక. తోట ఎక్కడుందా అని నేను దిక్కులు చూస్తుంటే, "కాళ్ల దగ్గర చూసి నడవండి" అన్నారు పెద్దాయన. ఆయన మాటలను కూతురు ఇంగ్లిష్‌లో చెబుతోంది. తీగలకు పందిరి లేదు, ఇసుక మీదే పాకి ఉన్నాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆకు తొలగించి చూపించారు. ఇసుక వేడికి కాయ కమిలిపోకుండా గుత్తి కింద జానెడు రెల్లు పుల్ల ఆనించి ఉంది. నల్లటి చిన్న చిన్న పళ్లు. ఆ ద్రాక్ష పేరు రమీష్కు.

పైన మీటర్ల లోతు ఇసుక, దాని అడుగున బంకమట్టి. తీగ నాటాలంటే ఆ మట్టి తగిలేదాకా గొయ్యి తవ్వాలి. పూర్వం కూలీలు తలకు బుట్ట బోర్లించుకుని దిగేవారట. ఇసుక విరిగి మీద పడినా పైవాళ్లు తవ్వి తీసేలోపు ఊపిరాడాలని! పెద్దాయన నాన్నగారి బుట్ట ఇంకా షెడ్డులో మేకుకు వేలాడుతోంది. అంచు చిరిగింది, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వరు.

ఈ తిప్పలు ఊరికే పోలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ద్రాక్ష వేళ్లను తినే ఫిలోక్సెరా పురుగు యూరప్ తోటలను నాశనం చేసినప్పుడు, ఇసుకలో కదలలేక ఇక్కడ మాత్రం ఓడిపోయింది. మిగతా చోట్ల ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేళ్లకు అంటు కట్టి బతికించుకున్నారు. రమీష్కు తన సొంత వేళ్ల మీదే నిలబడింది.

పీపాలోంచి తీసి పోసిన కొత్త వైన్ పచ్చి నేరేడు కొరికినట్టు నాలుకను పట్టేసింది. మా ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసింది. పెద్దాయన నవ్వి, ఏళ్ల తరబడి దాచిన సీసా తెచ్చి, రొట్టె, మేక జున్ను ముందు పెట్టారు. వగరు తగ్గి పులుపు నిలిచింది, చివర్లో సన్నగా ఉప్పదనం. అది సముద్రపు గాలి ఇచ్చిందేనని నా నమ్మకం, శాస్త్రవేత్తలు ఏమైనా అననివ్వండి. అసలు వగరు తెలిసిన మన నాలుకకు నప్పే యూరప్ వైన్ ఇదొక్కటే. "ఏది బాగా ఎక్కుతుంది?" అని అడిగేవాళ్లకు దీని జోలి వద్దు.

సొంత ద్రాక్ష రకాలు 250కి పైగా ఉన్న దేశంలో కూడా కొందరు కాబర్నే అనే ఫ్రెంచి రకం నాటి గొప్పలు చెప్పుకుంటారు. దాని కోసం పోర్చుగల్ దాకా ఎందుకు? నాసిక్‌లో దొరుకుతుంది కదా! మళ్లీ వచ్చినప్పుడు బైరాదా ప్రాంతంలో 'బాగా' అనే ద్రాక్షతో చేసిన వైన్ తాగండి, అదీ ఇలాగే మొండిది. నవంబరు 11న విలా ద్ ఫ్రాదెష్ అనే ఊళ్లో కొత్త వైన్ ఉన్న మట్టి బానలు తెరుస్తారు, వీలైతే ఆ వేళకు చేరుకోండి.

కొలారెస్‌లో ఒకప్పుడు వెయ్యి హెక్టార్లకు పైగా తోటలుండేవి, ఇప్పుడు పదుల్లోకి పడిపోయాయి. లిస్బన్ డబ్బున్నవాళ్ల విల్లాలు మింగేశాయి. ఆ గోడల పక్కన నడుస్తుంటే నాకు హైదరాబాద్ అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటలే గుర్తొచ్చాయి. ప్లాట్లు వేసి అమ్ముకున్నాం, ఇప్పుడు ద్రాక్షను బయటి నుంచి తెచ్చుకుని తింటున్నాం. దీని గురించి మనవాళ్లెవరూ బాధపడగా నేను చూడలేదు.

సరే, మీ ప్రశ్నకు వస్తాను. వెళ్లే ముందు ఫోను చేయండి, చెప్పకుండా వెళ్తే తలుపు తీసేవాళ్లుండరు. ధర కాస్త ఎక్కువే, బేరం ఆడకండి. కొత్తది కొనవద్దు, ఉన్నవాటిలో పాతది అడగండి. రమీష్కు సాధారణంగా అరలీటరు సీసాల్లో వస్తుంది. మన కస్టమ్స్ మనిషికి రెండు లీటర్లు వదులుతుంది కాబట్టి తలా నాలుగు తెచ్చుకోవచ్చు. చేతి సంచిలో పెట్టనివ్వరు, పెట్టెలో బట్టల మధ్య చుట్టి సర్దండి.