అసలు ఫైళ్ల జోలికి పోకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు తీసిన డాక్యుమెంటరీని నువ్వే ఎడిట్ చేయబోతున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత గర్వపడ్డానో అంతే కంగారు కూడా పడ్డాను. కూర్పు విషయంలో నీకు నేను చెప్పవలసినది లేదు. నా దిగులంతా ఆ ఫుటేజీని పని మధ్యలో ఎన్నిసార్లు కుదిస్తావోనని.

ముందుగా కార్డులోని ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్లే రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసుకో. ఫోనుతో తీసిన షాట్లలో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య, స్థిరంగా ఉందో లేదో చూసుకో. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ అనేవి సంచుల వంటివి, లోపలి బొమ్మను కుదించిన పద్ధతి కోడెక్. సంచి మార్చినంత మాత్రాన నాణ్యత పోదు, బొమ్మను మళ్లీ కుదిస్తేనే పోతుంది.

నేను పనిచేసిన ఒక చోట, ఒక వృద్ధ ఉపాధ్యాయుని జ్ఞాపకాలను రికార్డు చేశారు. కత్తిరింపులు పూర్తికాగానే బొమ్మను బాగా కుదించే హెచ్.264 అనే కోడెక్‌లో చిన్న ఫైలు ఒకటి తీసి, దానిమీదే రంగులు సరిదిద్ది మరొకటి తీసి, దానికి టైటిల్స్ వేసి ఇంకొకటి తీశారు. డిస్కులో చోటు చాలడం లేదని ఈలోగా అసలు ఫైళ్లను చెరిపేశారు. పెద్ద తెర మీద చూసేసరికి, ఆయన వెనుక గోడపై దీపపు వెలుగు మెల్లగా చీకట్లో కలిసిపోవలసిన చోట మెట్లుమెట్లుగా పట్టీలు కనిపించాయి. ఆయన తల తిప్పినప్పుడల్లా చెంపల మీది ముడతలు గళ్లుగళ్లుగా చెదిరిపోయాయి. బాగుచేయమని ఆ ఫైలును నాకిచ్చేనాటికి ఆయన లేరు. కొంత గ్రెయిన్, అంటే ఇసుక రేణువుల వంటి సన్నని చుక్కలు, కలిపి పట్టీలను మరుగుపరచగలిగాను గాని, ఆ ముఖాన్ని వెనక్కి తేవడం నావల్ల కాలేదు. అందుకే ఈ ఒక్క విషయంలో నీకు చాదస్తంగా తోచినా సరే, మళ్లీ మళ్లీ చెబుతాను.

8 బిట్ల ఫైలులో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఉంటాయి, 10 బిట్లలో 1024 ఉంటాయి. పైగా 4:2:0 అనే రంగు కుదింపు పద్ధతిలో రంగు సమాచారం నాలుగో వంతే మిగులుతుంది. కాబట్టి మధ్యలో ఫైలు తీయక తప్పనప్పుడు బొమ్మను అంతగా కుదించని కోడెక్‌లైన ప్రోరెస్ 422 హెచ్‌క్యూ గాని, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ హెచ్‌క్యూఎక్స్ గాని వాడు. రెండోదానిలో చివరి ఎక్స్ మరిచిపోయావంటే 8 బిట్లకే దిగిపోతావు. అయితే కెమెరా పారేసిన వివరాన్ని ప్రోరెస్ తిరిగి తెస్తుందని మాత్రం ఆశపడకు. ఉన్నది అంతగా చెడకుండా కాపాడుతుంది, అంతే. కంప్యూటరు తడబడితే ప్రాక్సీలతో, అంటే అసలు ఫైళ్లకు బదులుగా వాడే చిన్న నకళ్లతో, పనిచేసుకో, కాని చివరి ఎక్స్‌పోర్టుకు ముందు అసలు ఫైళ్లకు తిరిగి లింకు చేయడం మరువకు.

1080 రిజల్యూషన్‌లో, సెకనుకు 30 ఫ్రేముల చొప్పున, ప్రోరెస్ 422 హెచ్‌క్యూకు గంటకు దాదాపు 100 గిగాబైట్లు పడుతుంది. అంత చోటు ఎక్కడిదని అసలు ఫైళ్లు చెరిపావో, నా చేత గట్టిగా చీవాట్లు తింటావు. డిస్కుకు డబ్బు చాలకపోతే మొహమాటపడకుండా నన్నడుగు తల్లీ, ఆ మాత్రం చేయడానికే నేనున్నది.

అంతా అయ్యాక ముందు ప్రోరెస్‌లో మాస్టర్, అంటే పూర్తయిన చిత్రపు మూల ప్రతి, తీసి దాచుకో. ఇంటర్నెట్‌లో పెట్టవలసిన హెచ్.264ను ఆ మాస్టర్ నుంచే తయారుచేయి. నీడలు ఎక్కువగా ఉన్న షాటు ఒకటి నాకు పంపించు, పట్టీలేమైనా పడ్డాయేమో చూస్తాను. మెసేజింగ్ యాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది కనుక ఫైలుగానే పంపు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న